బూజు విషం తిండిలోకి, దాణాలోకి రాకుండా చూసుకోవడం ఎలా?

బూజు పట్టిన గింజలను మళ్లీ ఎండలో పోసి, దులిపి, ‘ఇక పరవాలేదు’ అనుకోవడం చాలామందికి అలవాటు. కంటికి కనిపించే బూజు పోతుంది, అది గింజలోకి దింపిన విషం పోదు. ఇలాంటి బూజు విషాల్లో పేరుమోసినది అఫ్లాటాక్సిన్. కాలేయ క్యాన్సర్ తెచ్చిపెట్టే ఈ విషం నీళ్లు మరిగే వేడికి చెక్కుచెదరదు, వేయించినా పూర్తిగా పోదు. అందుకే జాగ్రత్తంతా బూజు పట్టకముందే పడాలి.

మొదటి పని ఆరబెట్టడం. కోత అయిన వెంటనే గింజను వట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పలుచగా పరవండి. అప్పుడప్పుడు తిరగేస్తూ, మంచు పడకముందే కప్పేయండి. తేమ మొక్కజొన్నలో 13 శాతం, వేరుశనగ పప్పులో 7 శాతం దాటకూడదు. వేరుశనగకు అంత తక్కువ ఎందుకంటే, నూనె నీటిని పట్టుకోదు. ఉన్న తేమంతా మిగతా భాగంలోనే చేరి బూజుకు అందుతుంది.

తేమ కొలిచే మీటరు లేకపోతే మొక్కజొన్నకు ఉప్పు పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా కుదపండి. పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటుకోకపోయినా సంబరపడకండి, 13కు దిగిందని అది చెప్పదు. ఇంకో ఎండ తగలనివ్వండి. చెమ్మగిల్లిన ఉప్పుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. వేరుశనగకు ఇది పనికిరాదు.

తర్వాత ఏరడం. విసుగు పుట్టించే పనే కానీ, ఇంతకన్నా ఫలితమిచ్చేది లేదు. విషం బస్తా అంతటా సమంగా ఉండదు, కొన్ని గింజల్లోనే పోగుపడుతుంది. పుచ్చినవి, పగిలినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి తీసేస్తే చాలావరకు వాటితోనే పోతుంది. అనుమానం వచ్చిన వేరుశనగ పప్పును బద్దలుగా విడదీసి చూడండి. పైపొర నిగనిగలాడుతూనే ఉంటుంది, రెండు బద్దల మధ్య సందులో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. ప్రయోగశాలకు పంపేటప్పుడు కూడా పైనుంచి ఒక గుప్పెడు తీసి పంపితే లాభం లేదు. బస్తాల్లో చాలాచోట్ల నుంచి తీసి కలపాలి.

నిల్వకు బస్తాలను నేలకు, గోడకు తగలకుండా ఎత్తు మీద పేర్చండి. పురుగు చేసిన కన్నం బూజుకు వాకిలి. గాలి చొరబడని సంచులు మంచివే, అయితే పూర్తిగా ఆరిన గింజకే.

ఇక, ఏరేసిన గింజ ఎక్కడికి పోతుంది? తరచుగా పశువుల తొట్టిలోకే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికిన విషమే అఫ్లాటాక్సిన్. పాడి పశువు దాన్ని తింటే, ఒక్క రోజులోపే రూపం మార్చుకుని పాలలో దిగుతుంది. ఆ పాలు కాచినా లాభం ఉండదు. మొక్కజొన్న బూజులో ఉండే మరో విషం ఫ్యుమోనిసిన్ గుర్రాల మెదడును దెబ్బతీస్తుంది. దాణాలో బెంటోనైట్ మట్టి కలిపితే అఫ్లాటాక్సిన్‌ను కొంత పట్టి ఉంచుతుంది, ఫ్యుమోనిసిన్ మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. బూజు దాణా వాడుకోవడానికి దాన్ని సాకుగా చేసుకోకండి.

ఏరేసిన గింజను పశువులకు, కోళ్లకు అందకుండా లోతుగా పాతిపెట్టండి. ఆ పని చేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, బూజును వాసన చూడకండి.