క్రిస్మస్ పాటలు నిజంగా పాడైపోయాయా? ఒక్క సాయంత్రంలో తేల్చుకునే పద్ధతి

నేను బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటరు దగ్గర పనిచేస్తాను. నవంబరు సగానికి రాగానే పైకప్పులోని స్పీకర్లలో గంటలు మోగడం మొదలవుతుంది. ఇక పండగ వెళ్లేదాకా అవే పాటలు. ఒకసారి పంతానికి పోయి, రసీదు కాగితం వెనకాల గీతలు గీస్తూ లెక్కపెట్టాను. ఎనిమిది గంటల షిఫ్టులో వామ్ అనే బృందం పాడిన "లాస్ట్ క్రిస్మస్" పాట ఐదుసార్లు వచ్చింది. ఆరోసారి బస్టాపులో, ఒక కుర్రాడి ఫోనులోంచి వినబడింది.

మా విరామ గదిలో ఏటా డిసెంబరులో ఇదే గొడవ. అరవై దాటిన సహోద్యోగి ఒకావిడ, "మా రోజుల్లో క్రిస్మస్ పాటలంటే పాటలు. ఇప్పుడు వచ్చేదంతా చెత్త" అంటారు. ఇరవై ఏళ్ల పిల్లలు నవ్వుతారు. ఇంటికి వస్తే మా అబ్బాయిదీ అదే వరస: "అమ్మా, చిన్నప్పుడు విన్నవన్నీ ఎవరికైనా గొప్పగానే ఉంటాయి." నాకు ఇద్దరి మాటా మింగుడు పడలేదు. అందుకే రెండేళ్ల కిందట ఒక ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని లెక్క తేల్చాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక రూళ్ల పుస్తకం, ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను, పెన్సిలు, ఇంటర్నెట్, మీ మాటకు అడ్డం పడే మనిషి ఒకరు. ఆ చివరిది తప్పనిసరి. ఒంటరిగా చేస్తే మన పేపరు మనమే దిద్దుకున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో ఆ బాధ్యత మా ఆయన సంతోషంగా తీసుకున్నారు.

ముందు ప్రశ్నను విడదీయండి

"పాటలు పాడైపోయాయి" అన్న మాటలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. క్రిస్మస్ వారంలో చార్టులో, అంటే జనాదరణను బట్టి పాటలను వారంవారం వరసపెట్టే జాబితాలో, మొదటి స్థానానికి చేరే పాటలు నాసిరకం అయ్యాయా? క్రిస్మస్ మీద కొత్త పాటలు చార్టులోకి రావడం తగ్గిందా? వస్తున్న పాటల్లో పనితనం తగ్గిందా? విడదీయకుండా కూర్చుంటే ఒకరు మొదటిదాని గురించి, మరొకరు మూడోదాని గురించి మాట్లాడుతూ తెల్లవారుస్తారు.

బ్రిటన్ చార్టునే తీసుకోమంటాను. నేను ఇక్కడ ఉన్నానని కాదు, క్రిస్మస్ వారం మొదటి స్థానం ఎవరిదని పందేలు కాసే దేశం ఇది. చార్టు 1952 నవంబరులో ఒక సంగీత పత్రికలో మొదలైంది. అప్పుడు మొదటి స్థానంలో ఉన్న అల్ మార్టినో అనే గాయకుడి పాటే ఆ ఏడాది పండగనాటికీ కదలలేదు. అది ప్రేమపాట, క్రిస్మస్‌తో సంబంధం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

జాబితా రాయండి

బ్రిటన్ అధికారిక చార్టు సంస్థ వెబ్‌సైటులో పాత చార్టులన్నీ తేదీలవారీగా దొరుకుతాయి. ప్రతి ఏడాదికీ డిసెంబరు 25 కలిసే వారం తెరవండి. ఒక్కో దశాబ్దానికి ఒక్కో పేజీ ఇవ్వండి. పాట క్రిస్మస్ గురించి అయితే ఎర్ర పెన్నుతో, కాకపోతే నీలంతో రాయండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. గంటల చప్పుడు వినబడగానే ఎర్ర పెన్ను తీయకండి. 1994లో మొదటి స్థానం ఈస్ట్ 17 అనే బృందానిది. వీడియోలో మంచు, తెల్ల కోట్లు. పాట చివర చర్చి గంటలు. మాటలు మాత్రం వెళ్లిపోతున్న మనిషిని ఇంకొక్క రోజు ఉండమని బతిమాలడం. రాసిన టోనీ మోర్టిమర్ చనిపోయిన తన సోదరుణ్ని తలచుకుని రాసిన పాట అది. మేము నీలంతో రాశాం. మా ఆయన ఒప్పుకోవడానికి పావుగంట పట్టింది.

ఇంకో చిక్కు 2018 నుంచి 2022 వరకు వరసగా ఐదేళ్లు మొదటి స్థానం కొట్టిన లాడ్‌బేబీ. పాత పాటలకు సాసేజ్ రోల్ (మాంసం కూరిన ఒక తినుబండారం) మాటలు తగిలించి పాడిన జంట అది. డబ్బు దానధర్మానికి పోయేది. వీటికి పెన్సిలు వాడాం. చెరిపేసుకోవచ్చన్న ఆశతో.

రాయడం పూర్తయ్యాక పేజీలు పక్కపక్కన పరచండి. నాకు గుండె ఝల్లుమన్నది 1960ల పేజీ చూసినప్పుడు. పదేళ్లలో ఒక్క ఎర్ర గీత లేదు! బీటిల్స్ బృందం నాలుగుసార్లు పండగ మొదటి స్థానం తీసుకుంది, ఒక్కసారి కూడా క్రిస్మస్ పాటతో కాదు. 1950లలో రెండే ఎరుపులు: 1955లో డికీ వాలెంటైన్, 1957లో హ్యారీ బెలఫాంటే. 1970లలో నాలుగు, 1980లలో నాలుగు. 1990లలో ఒక్కటి, 2000లలో ఒక్కటి, 2010లలో సున్నా.

అంటే పడిపోవడానికి ముందు ఎప్పటినుంచో కొండమీద ఉన్నదేమీ లేదు. 1973లో స్లేడ్ బృందంతో మొదలై 1990లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌తో ముగిసిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల ముచ్చట అది. మా సహోద్యోగి చదువు, మొదటి ఉద్యోగం, పెళ్లి అన్నీ సరిగ్గా ఆ ఏళ్లలోనే జరిగాయి. (క్లిఫ్ రిచర్డ్ 1940లో మన లక్నోలో పుట్టారని ఆవిడతో చెబితే నమ్మలేదు. ఫోనులో చూపించాల్సి వచ్చింది.)

రెండో స్థానం కూడా రాయండి

ఇది నా సొంత కిటుకు. ఒక్క విజేతను మాత్రమే చూస్తే పాత రోజులకు అన్యాయం జరుగుతుంది, లేదా అక్కర్లేని గౌరవం దక్కుతుంది. ఎటు పోతుందో మన జ్ఞాపకం ఎంత అబద్ధం చెబుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది.

పాత బంగారం అనేవారికి 1970ల పేజీలో 1971 చూపించండి. పాల బండి తోలే మనిషి మీద హాస్యనటుడు బెన్నీ హిల్ పాడిన పాట. 1972లో తొమ్మిదేళ్ల జిమ్మీ ఆస్మండ్ పాడిన పాట. 1980లో, న్యూయార్కులో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య జరిగిన నెలలోనే, పండగ మొదటి స్థానం ఒక బడి పిల్లల బృందం అమ్మమ్మ మీద పాడిన పాటకు వెళ్లింది. 1993లో మిస్టర్ బ్లాబీ. అంటే గులాబి రంగు మీద పసుపు చుక్కల రబ్బరు బొమ్మ వేషం. ఆ పాట పూర్తిగా విన్నాక మా ఆయన లేచి వెళ్లి టీ పెట్టుకున్నారు.

ఇప్పుడు రెండో స్థానాలు చూడండి. 1984లో బ్యాండ్ ఎయిడ్ (దానధర్మం కోసం పేరున్న గాయకులు కలిసి పాడిన బృందం) వెనక రెండో స్థానంలో ఆగిపోయింది వామ్ పాట. 1987లో పోగ్స్ బృందం, గాయని కర్స్టీ మెకాల్ కలిసి పాడిన పాట పెట్ షాప్ బాయ్స్ బృందం వెనక రెండోది. 1994లో ఈస్ట్ 17 వెనక రెండోది అమెరికా గాయని మరియా కేరీ పాట. 1973లో విజర్డ్ బృందం పాట నాలుగో స్థానం దాటలేదు. ఈ రోజు నా నెత్తిమీద స్పీకర్లలో మోగే "గొప్ప పాత పాటలు" చాలావరకు వాటి కాలంలో ఓడిపోయినవే. చెత్త అప్పుడూ గెలిచింది. తరవాతి కాలం దాన్ని తూర్పారబట్టి మంచి గింజలు మనకు మిగిల్చింది. ఇప్పటి పాటలకు ఇంకా ఆ తూర్పారపట్టడం జరగలేదు.

కొలత మారిందని మరవకండి

ఈ భాగం దాటవేస్తే మిగతాదంతా వృథా. 1984లో చార్టు లెక్కపెట్టింది కొనుగోళ్లను. మనిషి బయలుదేరి దుకాణానికి వెళ్లి, డబ్బిచ్చి రికార్డు తెచ్చుకోవాలి. ఒకసారి కొన్నవాడు మరుసటి ఏడాది అదే రికార్డు మళ్లీ కొనడు కాబట్టి కొత్త పాటకు చోటుండేది. 2007 నుంచి దుకాణంలో రికార్డు లేకపోయినా డౌన్‌లోడ్‌లతోనే చార్టుకెక్కవచ్చు అన్నారు, పాత పాటలు డిసెంబరు డిసెంబరుకూ తిరిగి రావడం మొదలైంది. 2014 జులై నుంచి ఆన్‌లైన్‌లో వినడాన్ని కూడా కలిపారు. మొదట్లో వందసార్లు వింటే ఒక కొనుగోలుతో సమానం.

దీని ఫలితం మీ పుస్తకంలోనే కనబడుతుంది. మరియా కేరీ పాట 26 ఏళ్లకు, 2020 డిసెంబరులో ఇక్కడ మొదటి స్థానానికి వచ్చింది. వామ్ పాట 36 ఏళ్లు ఆగి 2021 కొత్త సంవత్సరం రోజున మొదటిసారి పైకెక్కి, 2023లోనూ 2024లోనూ ఏకంగా పండగ మొదటి స్థానమే కొట్టింది. అమెరికాలో ఇంకా విడ్డూరం: గాయని బ్రెండా లీ పదమూడేళ్ల వయసులో, 1958లో పాడిన పాట 2023లో మొదటి స్థానానికి చేరింది, అప్పటికి ఆవిడకు 78.

పూర్వం చార్టు చెప్పింది ఈ వారం జనం ఏం కొత్తగా కోరుకున్నారని. ఇప్పుడు చెబుతున్నది జనానికి ఏం అలవాటైందని. తూకంరాయి మార్చి, సరుకు తగ్గిందనడం న్యాయం కాదు. కొత్త పాట నలభై ఏళ్ల అలవాటుతో పోటీ పడాలి. కెల్లీ క్లార్క్‌సన్ 2013 పాట, అరియానా గ్రాండే 2014 పాట ఇప్పుడిప్పుడే ఏటా పై వరసల్లో కనబడుతున్నాయి, అదీ కొన్నేళ్లు నానాక.

2005 నుంచి నాలుగేళ్లు టీవీ పాటల పోటీ విజేతలు మొదటి స్థానాన్ని గుత్తకు తీసుకోవడం, 2009లో విసిగిన జనం ఫేస్‌బుక్‌లో కూడబలుక్కుని రేజ్ అగెయిన్స్ట్ ది మెషీన్ బృందం పాత రాక్ పాటను కొని వాళ్లను ఓడించడం వేరే కథ. సరదాగా ఉంటుంది కానీ మన ప్రశ్నకు పెద్దగా పనికిరాదు.

చివరగా వినండి, కళ్లు మూసుకుని

మూడో ప్రశ్నకు చెవులే దిక్కు. పాత పాటలు నాలుగు, 2010 తరవాతివి నాలుగు చీటీలు రాసి డబ్బాలో వేయండి. ఒకరు తీసి వినిపించాలి, మిగతావారు పదికి మార్కులు వేయాలి. ఒక్క నియమం గట్టిగా పాటించండి: ఏ పాట ఎవరి బాల్యానిదో వాళ్లు దానికి ఓటు వేయకూడదు.

ఆ నియమం నా వల్లే వచ్చింది. గుంటూరులో మా వీధిలో డిసెంబరు రాత్రుళ్లు క్యారల్స్ వాళ్లు వచ్చేవారు. డోలక్ చప్పుడు సందు మలుపులో వినబడగానే అమ్మ అరిసెల డబ్బా దించేది. వాళ్లు కీర్తనలు పాడి వెళ్లాక, పక్కింటి వాళ్ల టేప్‌రికార్డరులో బోనీ ఎమ్ అనే బృందం క్యాసెట్ తిరిగేది. 1978లో ఇక్కడ మొదటి స్థానంలో ఉన్న పాట అందులోదే, అది మాకెవరికీ తెలియదు. డబ్బాలోంచి ఆ చీటీ రాగానే నేను పదికి పదకొండు వేశాను. మా అబ్బాయి నా కాగితం లాగేసుకున్నాడు. సరైన పనే చేశాడు.

మార్కులు వేసేటప్పుడు గంటలు, పిల్లల కోరస్ మనసులోనే తీసేయండి. మిగిలిన రాగం కూనిరాగంగా నిలబడుతుందా? పాటలో మీ కంటికి కనబడే మనిషి ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో రాగాల దగ్గర పాతా కొత్తా ఇంచుమించు సమానం. కెల్లీ క్లార్క్‌సన్‌కు, విజర్డ్‌కు ఒకే మార్కులు వచ్చాయి. పాటలో మనిషి కనబడతాడా అన్న ప్రశ్న దగ్గరే తేడా తేలింది. స్లేడ్ పాట న్యూయార్కులో వేసవిలో రికార్డయిందట, అయినా దాని నిండా చుట్టాలు, అమ్మమ్మ, ఇల్లు పట్టనంత జనం. పోగ్స్ పాటలో తాగి పోలీసు గదిలో పడ్డ ముసలాయన, తిట్టుకునే జంట. కొత్త పాటల్లో ఎక్కువగా నువ్వు, నేను, ఒక చెట్టు. వామ్, మరియా కేరీ పాటలు కూడా నువ్వూ నేనూ బాపతే కాబట్టి ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. కానీ పాటల్లోంచి చుట్టాలు తగ్గారన్నది నా లెక్క. దిగజారడం అంటూ ఉంటే నాకు దొరికింది ఇదొక్కటే.

పుస్తకం విరామ గదికి తీసుకెళ్లాను. మా సహోద్యోగి కళ్లజోడు పెట్టుకుని 1970లు గర్వంగా తిప్పారు. 1980 దగ్గర ఆగారు. అమ్మమ్మ పాట పక్కన మా ఆయన పెద్ద అక్షరాలతో "ఘోరం" అని రాసి ఉన్నారు. ఏం రాశారని ఆవిడ అడిగారు, చెప్పాను.

"ఇది నేను కొన్నాను. మా అమ్మమ్మ కోసం" అన్నారు. "ఆవిడకు అదే ఆఖరి క్రిస్మస్."

పెన్సిలు తీసుకుని ఆ మాట కొట్టేశాను. పైన స్పీకరులో వామ్ మొదలైంది. ఇద్దరం కప్పులు కడిగి కౌంటర్లకు వెళ్లిపోయాం.