పెంపుడు కుక్కకు జీహెచ్ఎంసీ లైసెన్స్: ముందు టీకా పుస్తకం చూసుకోండి

హైదరాబాద్‌లో కుక్కను పెంచుకునేవాళ్లు జీహెచ్ఎంసీ వెటర్నరీ విభాగం నుంచి లైసెన్స్ తీసుకోవాలి. ఫారం నింపడం చిన్న పనే, అసలు పని అంతకు ముందే ఉంది. రేబిస్ టీకా సర్టిఫికెట్ లేకుండా దరఖాస్తు పెట్టకండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి కుక్కనైనా మనిషినైనా కాపాడుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఆ ఒక్క కాగితానికి అంత విలువ.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటి రేబిస్ టీకా వేస్తారు. డాక్టర్ చెప్పిన తేదీకి బూస్టర్, ఆపైన ఏటా వేయించాలి. ఖర్చు భారమనుకుంటే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల లాంటి చోటికి తీసుకెళ్లండి. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం రోజు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు.

చాలామంది "టీకాలన్నీ అయిపోయాయండీ" అంటారు. పుస్తకం తెరిస్తే పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులకు కలిపి వేసే కాంబో టీకా మాత్రమే కనిపిస్తుంది. చాలా కాంబోల్లో రేబిస్ ఉండదు, అది విడిగా వేయించాలి. టీకా అయ్యాక వయల్ (మందు సీసా) మీది చిన్న స్టిక్కర్ ఊడదీసి పుస్తకంలో అతికిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కనే వేసిన తేదీ, తర్వాతి తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ముద్ర అలికిపోతే మళ్లీ వేయమని అడగండి, మొహమాటం వద్దు.

దరఖాస్తు జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు, లేదా మీ సర్కిల్ ఆఫీసులో వెటర్నరీ విభాగాన్ని అడగండి. యజమాని గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా రుజువు, కుక్క ఫొటో, టీకా సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. జాతి, వయసు, రంగు పుస్తకంలో ఉన్నట్టే రాయండి. లైసెన్స్‌ను ఏటా రెన్యువల్ చేయించాలి కాబట్టి టీకా తేదీ దాటనివ్వకండి.

డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు కదా, పిడుదుల మందు, నట్టల మందు గురించి కూడా అడగండి. పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్‌లో కుక్క తిండి మానేసి నీరసపడుతుంది, చిగుళ్లు తెల్లబారతాయి. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం ఉంటుంది, అది మనకూ సోకుతుంది. పిల్లులకు కూడా రేబిస్ వస్తుంది, వాటికీ టీకా వేయించండి.

లైసెన్స్ ఉన్న కుక్కే కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు గానీ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి గానీ వెళ్లండి.