జర్నల్ ఓపెన్ అవ్వట్లేదా? ముందు మీరు ఏ నెట్ మీద ఉన్నారో చూడండి

"మేడమ్, పేపర్ ఓపెన్ అవ్వట్లేదు, డబ్బులు కట్టమంటోంది" అని పీజీ పిల్లలు, స్కాలర్లు లైబ్రరీకి వస్తూనే ఉంటారు, చాలామంది అప్పటికే రెండు మూడు రోజులు పోగొట్టుకుని మరీ వస్తారు, అదే నాకు బాధ. ఎక్కువసార్లు అసలు సంగతి ఏంటంటే, మన సంస్థ ముందే చందా కట్టిన జర్నలే అయినా మీరు ఏ సంస్థ వాళ్లో ఆ జర్నల్ సైట్‌కి తెలియట్లేదు, అంతే.

క్యాంపస్‌లో ఉంటే సైట్ మీ పేరు చూడదు, ఐపీ అడ్రస్ (మీరు వాడే నెట్ కనెక్షన్ నంబర్) చూస్తుంది. ఫోన్‌లో వైఫై వీక్ అయితే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, అప్పుడు మీరు క్యాంపస్‌లో కూర్చున్నా బయటివాళ్ల కిందే లెక్క. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, ఐఫోన్‌లో ప్రైవేట్ రిలే ఉన్నా ఇదే గొడవ, రెండూ మీ అసలు ఐపీని దాచేస్తాయి, అవి ఆపేసి మళ్లీ చూడండి. లైబ్రరీ సిస్టమ్‌లో వస్తోంది, మీ ల్యాప్‌టాప్‌లో రావట్లేదు అంటే తేడా మీ దగ్గరే ఉంది.

ఇంటి నుంచైతే లాగిన్ తప్పదు. మీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను నెట్‌లో కలిపే కేంద్ర సంస్థ) వాళ్ల ఇన్‌ఫెడ్ అనే లాగిన్ వ్యవస్థలో ఉంటే పబ్లిషర్ సైట్‌లో "యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్" నొక్కి, సంస్థ పేరు వెతికి, లైబ్రరీ ఇచ్చిన ఐడీతో వెళ్లాలి. ఆ సైట్‌లో మీరు సొంతంగా జీమెయిల్‌తో చేసుకున్న అకౌంట్ దీనికి పనికిరాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

లాగిన్ అయినా రావట్లేదా, బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో ట్రై చేయండి, పాత బుక్‌మార్క్ వాడకుండా లైబ్రరీ పేజీలోంచి కొత్తగా వెళ్లండి. కొన్ని ఈబుక్స్‌కైతే ఒకేసారి ఇంతమందే చదవాలని లిమిట్ ఉంటుంది, కాసేపాగి చూస్తే రావచ్చు. కొన్ని జర్నల్స్‌కి ఫలానా సంవత్సరం నుంచే యాక్సెస్, అంతకుముందువి రావు.

2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో (దేశం మొత్తానికి కేంద్రమే జర్నల్స్ చందా కట్టే పథకం) 30 పబ్లిషర్ల జర్నల్స్ దాదాపు 13 వేలు ఉన్నాయి, కానీ మొదటి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకి, ప్రభుత్వ పరిశోధన సంస్థలకే. ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్న ఫ్రెండ్‌కి వచ్చింది, ప్రైవేట్ కాలేజీలో ఉన్న మీకు రాలేదంటే అది ఎర్రర్ కాకపోవచ్చు.

ఇంకొకటి, దయచేసి డౌన్‌లోడర్ పెట్టి వందల పీడీఎఫ్‌లు ఒకేసారి లాగొద్దు. పబ్లిషర్ ఆ ఐపీని బ్లాక్ చేస్తే ఒక్కరి వల్ల క్యాంపస్ అంతా ఆగిపోతుంది, థీసిస్ సబ్మిషన్ టైమ్‌లో అలా అయితే ఆ పిల్లల మొహాలు చూడలేం.

ఇవన్నీ చేసినా రాకపోతే లైబ్రేరియన్‌కి మెయిల్ పెట్టండి. "ఓపెన్ అవ్వట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే మేం ఏం చెయ్యలేం అండి, పేపర్ డీఓఐ (దాని గుర్తింపు నంబర్), అడ్రస్ బార్ కనిపించేలా స్క్రీన్‌షాట్, ఎన్నింటికి జరిగింది, క్యాంపస్‌లోనా ఇంట్లోనా, మీ ఐపీ ఎంత (గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని కొడితే చెప్పే సైట్లు వస్తాయి), ఇవి ఉంటే పబ్లిషర్‌కి నేరుగా పంపొచ్చు. ఈలోపు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ (పేపర్ల ఫ్రీ కాపీలు వెతికి పెట్టేది) పెట్టుకుని ఫ్రీ కాపీ ఉందేమో చూడండి, లేదంటే పేపర్ రాసినవాళ్లకే మెయిల్ పెట్టి అడగండి, చాలామంది పంపిస్తారు.