మన మాట ఏ కండరం వింటది, ఏది వినదు: పిల్లలకు ఇంట్లనే చూపెట్టుండ్రి

టెన్త్ పిల్లలు నియంత్రిత కండరాలు (మన మాట వినేటివి), అనియంత్రిత కండరాలు (విననివి) అని రెండు గడులు గీసి బట్టీ పడ్తరు, పరీక్ష కాంగనే మర్చిపోతరు. ఫోన్ టార్చి, 30 సెంటీమీటర్ల స్కేలు ఉంటే ఇంట్లనే చూపెట్టొచ్చు.

ముందు కన్ను. మసక వెలుతురుల కూసోబెట్టి ఒక్క కంటికి పక్కనుంచి ఒక్క క్షణం టార్చి కొట్టుండ్రి (లేజర్ లైట్ అస్సలొద్దు). మన కండ్లు నల్లగుంటయి గద, కంటిపాప తొందరగ దొరకది, దగ్గరికొచ్చి ఓపికతోని చూడాలె. పాప సన్నగైతది, వెలుతురు పడని రెండో కన్నుల పాప గూడ సన్నగైతది, ఎందుకంటే కబురు మధ్యమెదడుకు పోయి అక్కడికెల్లి హుకుం రెండు కండ్లకూ వస్తది. వద్దనుకున్నా ఆగది.

తర్వాత స్కేలు, ఇది మన మాట వినే కండరానికి. సున్నా గీత పిల్లగాని వేళ్ల నడుమ పెట్టి చెప్పకుంట వదలాలె. 20 సెంటీమీటర్ల కాడ పట్టిండంటే సుమారు 0.2 సెకన్లు పట్టినట్టు. గా జర్రసేపట్లనే కన్ను చూసి, మెదడు పట్టమని చెప్పి, వెన్నుపాములకెల్లి చేతి కండరం దాంక కబురొచ్చింది.

వెన్నుపాము నుంచి చేతికి ఒక్కటే నాడీకణం, దేవరకొండల ఎక్కితే హైదరాబాద్‌లనే దిగినట్టు. పేగులకు, కంటిపాపకు పోయే తొవ్వ అట్ల కాదు, తొవ్వల వచ్చే మాల్ అనే ఊరి కాడ బస్సు మారినట్టు నడిమిట్ల నాడీసంధిల (నాడీకణాల గుంపుల) ఇంకో కణానికి మారుతది.

ఊపిరి మాత్రం రెండిట్ల ఉంటది. బిగపట్టమంటే పట్టొచ్చు, గని రక్తంల కార్బన్ డయాక్సైడ్ పెరిగినంక మజ్జాముఖం (మెదడు కింది భాగం) మన మాట వినది, నిద్రల గూడ అదే నడిపిస్తది. గుండె అయితే తనంతట తానే కొట్టుకుంటది, నరాలు స్పీడు పెంచుడు, తగ్గించుడే.

ఇగ పత్తి చేన్లున్న ఇండ్లల్ల ఇది తప్పకుంట చెప్పాలె. చెయ్యి కండరానికి నరం ఇచ్చే రసాయనం ఎసిటైల్‌కోలిన్, కంటిపాపను సన్నగ చేసేది గూడ అదే. పని కాంగనే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటది. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ అసొంటి పురుగు మందులు ఆ ఎంజైమ్‌నే ఆపుతయి, అందుకే మందు కొట్టొచ్చిన మనిషికి పాపలు సూదిమొనంత అయితయి, చొల్లు కారుతది, చెమటలు, ఛాతి బిగుసుడు, కండరాలు అదురుడు, ఆఖరికి చేతులు కాళ్లు పడిపోతయి. పాప చిన్నగ కాలేదు గద అని ఊకోవద్దు, అన్నీ ఒక్కసారే రావు. బట్టలిప్పి సబ్బుతోని కడిగి, 108కి ఫోన్ కొట్టి, మందు డబ్బా వెంట తీస్కపోవాలె. మీరు గూడ చేతులకు కవర్లు తొడుక్కోండ్రి.

దవాఖానల అట్రోపిన్ అనే విరుగుడు ఇస్తే చొల్లు, చెమట తగ్గుతయి, గని అట్రోపిన్ నియంత్రిత కండరాల మీద పని చెయ్యది, ఊపిరి తీసే కండరాలు తర్వాత గూడ బలహీనమైతయి. అందుకే జర బాగైందని డాక్టర్ చెప్పకముందే ఇంటికి తీస్కరావొద్దు.