మ్యాప్ మీద గ్రిడ్ రిఫరెన్స్ చదవడం, చెప్పడం

టోపో మ్యాప్ (కొండలు, వాగులు, దారులు వివరంగా చూపే మ్యాప్) తెరిస్తే సన్నటి గీతలతో గళ్లు గళ్లుగా కనిపిస్తుంది కదా, గ్రిడ్ రిఫరెన్స్‌కి, అంటే ఒక చోటును అంకెల్లో చెప్పడానికి, ఆ గీతల చివర ఉండే రెండంకెల సంఖ్యలే మనకు కావాలి. నిలువు గీతల సంఖ్యలు ఎడమ నుంచి కుడికి పెరుగుతాయి, వాటిని ఈస్టింగ్స్ అంటారు. అడ్డ గీతలవి నార్తింగ్స్, కింది నుంచి పైకి పెరుగుతాయి. ఎప్పుడైనా ఈస్టింగ్ ముందు, నార్తింగ్ తర్వాత. అక్షాంశ రేఖాంశాలు అలవాటైనవాళ్లు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అక్కడ ఉత్తర దక్షిణాల లెక్క ముందొస్తుంది, గ్రిడ్‌లో సరిగ్గా తిరగబడుతుంది.

ఒక వంతెన 36వ నిలువు గీతకు కుడి పక్కన, 72వ అడ్డ గీతకు పైన ఉందనుకోండి. గడికి దాని ఎడమ కింది మూలను బట్టే పేరు, అంటే 3672. 1:50,000 మ్యాప్‌లో కిలోమీటరు గడి కాగితం మీద 2 సెంటీమీటర్లు ఉంటుంది. బాగానే ఉంది గానీ, చదరపు కిలోమీటరంతా తిరిగి వంతెన వెతుక్కోవడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే ఆరంకెలు. గడిని రెండు వైపులా పదేసి భాగాలు చేసుకోండి, స్కేలు పెడితే ఒక్కో భాగం 2 మిల్లీమీటర్లు. వంతెన కుడికి 4 భాగాలు, పైకి 7 భాగాలు దాటి ఉంటే 364727. ఇప్పుడు వెతకాల్సింది 100 మీటర్ల చదరమే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, 4.8 వచ్చినా 4 అనే రాయాలి, 5 చేయకూడదు, ఎందుకంటే ఆ సంఖ్య చెప్పేది చుక్కను కాదు, చదరాన్ని.

ఎనిమిదంకెలైతే 10 మీటర్లు. అది ఈ మ్యాప్ మీద 0.2 మిల్లీమీటర్లే, కాబట్టి స్కేలుతో కొలిచి ఎనిమిదంకెలు ఇవ్వడం నా దృష్టిలో అతి, జీపీఎస్ ఉంటే ఇవ్వండి.

ఇవే అంకెలు ప్రతి 100 కిలోమీటర్లకూ మళ్లీ వస్తాయి, అందుకని ఏ 100 కిలోమీటర్ల చదరమో చెప్పే గ్రిడ్ అక్షరాలో, మ్యాప్ షీట్ నంబరో జత చేయండి. యూటీఎం (ప్రపంచాన్ని నిలువు జోన్లుగా విడదీసిన గ్రిడ్ పద్ధతి) అయితే జోన్ కూడా చెప్పాలి, మొత్తం 60 జోన్లు ఉన్నాయి మరి. ఫోన్‌లో చూసి కాగితం మీద గుర్తించేటప్పుడు రెండిటి డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) ఒకటేనా చూసుకోండి, వేరైతే వందల మీటర్ల తేడా రావచ్చు, ఏది తప్పో తెలియక తల పట్టుకుంటారు.

ఫోన్‌లో ఎవరికైనా చెప్పేటప్పుడు అంకెలు ఒక్కొక్కటిగా చదివి, తిరిగి చెప్పించుకోండి. పక్కనే "నది మీద వంతెన" లాంటి గుర్తు కూడా చెబితే, అంకెలు తారుమారైనా అవతలివాళ్లు వెంటనే పట్టేస్తారు.