ఎంబూనా చేపలను తొట్టిలో వదిలే ముందు

విశాఖ నుంచి రైల్లో బరంపురానికి చేపల సంచి తెచ్చుకోకముందే ఇవి చూసుకోండి.

☐ రాళ్ళు. ఇవి ఆఫ్రికాలోని మలావి సరస్సులో రాళ్ళ సందుల్లో బతికే చేపలు. రాళ్ళను ఇసుక మీద పేర్చకండి. ముందు అడుగున థర్మోకోల్ షీటు, దాని మీద రాళ్ళు, ఆ తర్వాతే ఇసుక. ఎందుకంటే ఇవి రాత్రికి రాత్రే తవ్విపోస్తాయి. మా తొట్టిలో ఒకసారి పెద్దరాయి ఒరిగి అద్దానికి ఆనుకుంది. తెల్లారి చూస్తే గుండె గుభేలుమంది!

☐ నీళ్ళు. పీహెచ్ 7.8 నుంచి 8.6, వేడి 24–28 డిగ్రీలు. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరుగుడు వేయాలి. నీళ్ళ పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపేదాకా చేపను వదలొద్దు.

☐ ఒక మగదానికి కనీసం మూడు ఆడవి. జంటగా తెస్తే ఆడదాన్ని తరిమి తరిమి చంపేస్తుంది.

☐ మేత స్పిరులినా (నాచు లాంటిది) రకం. మాంసం మేత ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది.

☐ పిల్లల కోసం వేరే చిన్న తొట్టి. తల్లి గుడ్లను దాదాపు మూడు వారాలు నోట్లోనే దాచుకుంటుంది, మేత ముట్టదు. దవడ కింద ఉబ్బు కనిపిస్తే వల పట్టుకుని వెంటపడకండి, బెదిరి ఉమ్మేస్తుంది.

☐ బ్యాటరీ ఎయిర్ పంపు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది పక్కనున్న గోపాలపూర్ దగ్గరే కదా, కరెంటును నమ్ముకోలేం.