చెన్నైలో కుట్టు మిషన్ గది సర్దే ముందు ఇవి చూసుకోండి

ముందు మిషన్ ప్లగ్ తీసెయ్యండి, మోటర్ మిషనైతే సర్దుతూ పొరపాటున పెడల్ మీద కాలు పడినా సూది దిగిపోతుంది. తర్వాత నేల. విరిగిన సూదులు, గుండుసూదులు చేత్తో వెతకొద్దు, ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి నేలంతా తిప్పితే మూలల్లోవి కూడా అంటుకొచ్చేస్తాయి, పాకే పిల్లలున్న ఇంట్లో ఇది అస్సలు మానొద్దండీ.

ఇక్కడ అసలు బాధ తేమతోనే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, పైగా సముద్రపు గాలి, కత్తెరలు ఇట్టే తుప్పు పడతాయి, అందుకే సౌకార్‌పేటలో కొన్న కట్ పీసులైనా, బొంత కోసం దాచిన అమ్మమ్మ నూలు చీరలైనా పూర్తిగా ఆరాకే డబ్బాల్లో పెట్టండి, మడతల్లో కాస్త చెమ్మ ఉన్నా బూజు వచ్చేస్తుంది. ముదురు ఎరుపు, నీలం గుడ్డల్ని ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే వేరే పెట్టాల్సిందే. బీరువా గోడకి ఆనించొద్దు.

ఇస్త్రీ పెట్టెలు చాలావరకు 1000 వాట్లు లాగుతాయి, మిషన్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి. కలరా ఉండలు వాడితే పిల్లలకి అందని పై అరలోనే.